ఉడుత పిలుపు, దురదగొండి కాపలా

అనసూర్య ముడి వేస్తే ఊడదు. బొగ్గు కంపెనీ నర్సరీలో చేరినప్పటి నుంచి ఎన్ని మొక్కలకు వెదురు పుల్ల ఊతమిచ్చి పురికొసతో కట్టిందో ఆమెకే తెలియదు. గాలివానకు పుల్ల విరిగేది కానీ ముడి మాత్రం విడిపోయేది కాదు. అదే ముడిని ఆమె రోజూ పొద్దున ఇంట్లో కూడా వేసేది. వెనక వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో భర్త ఆగయ్యను కూర్చోబెట్టి, నడుము చుట్టూ పాత తువ్వాల తిప్పి, కుర్చీ వెనక ముడి వేసి, అప్పుడు డ్యూటీకి బయలుదేరేది.

ఆగయ్య బొగ్గుబాయిలో టింబర్ పని చేసినవాడు. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం అతని పని. నలభై దాటీ దాటకముందే పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా పోయింది. "ఊ" అన్న శబ్దం ఒక్కటి మిగిలింది. అవునన్నా ఊ, కాదన్నా ఊ. ఇక బాయి పనికి పనికిరాడని తేల్చాక అతని బదులు కంపెనీ భార్యకు నర్సరీలో ఉద్యోగం ఇచ్చింది. గోదావరిఖని దాటి ఎనిమిదో ఇంక్లైన్ కాలనీలో వాళ్ల క్వార్టరు. ఒక్కతే కూతురు తిరుమల, కరీంనగర్ హాస్టల్లో ఉండి పాలిటెక్నిక్ చదువుతోంది.

మొదట్లో ఆగయ్య తల్లి ఇంట్లో ఉండి కొడుకును చూసుకునేది. ఆమె పోయాక పగలంతా ఆగయ్య ఒక్కడే. ఒకరోజు అనసూర్య డ్యూటీ నుంచి వచ్చేసరికి అతను వరండా మెట్టు మీద బోర్లా పడి ఉన్నాడు. నుదురు చిట్లి, కారిన నెత్తురు ఎండిపోయి, దాని మీద ఈగలు ముసురుతున్నాయి. ఎప్పుడు పడ్డాడో, ఎంతసేపు అలా ఉన్నాడో చెప్పడానికి అతనికి నోరు లేదు. ఆ మరునాడే ఆమె తువ్వాల తీసింది. మొదటి రోజు ముడి వేసి, విప్పి, మళ్లీ వేసింది. తర్వాత తర్వాత అది పాలు కాచినంత మామూలు పనైపోయింది.

"నాయిన ఒక్కడే ఉంటుండు గదా అమ్మా, నాకు ఫికరైతంది" అని తిరుమల ఫోన్లో అడిగినప్పుడల్లా, "కుర్సిల మంచిగ కూసుంటడు బిడ్డా, నువ్వు సదువుకో" అనేది. తువ్వాల మాట ఎత్తేది కాదు.

పెరడు చిన్నదే. ఒక బాదం చెట్టు, ఒక జామ చెట్టు, చివర ముళ్లకంచె. కంచె అవతల వానాకాలంలో నిండుగా పారే పెద్ద కాలువ. బాదం చెట్టు మీద ఒక ఉడుత కాపురముండేది. వీపు మీద మూడు చారలున్న మామూలు ఉడుతే. ఆగయ్య ఒళ్లో రాలిన రొట్టె ముక్కల కోసం రోజూ దిగివచ్చేది. మొదట మెట్టు దాకా, తర్వాత కుర్చీ కాలి దాకా, చివరికి అతని మోకాలి మీదికే ఎక్కడం నేర్చుకుంది. అది కనిపిస్తే చాలు, ఆగయ్య ముఖంలోకి ప్రాణం వచ్చేది. అది చెట్టెక్కి పోతుంటే తువ్వాల బిగిసేలా ముందుకు వంగి, దాని వెనకే చూసేవాడు. కుర్చీ ముందుకాళ్ల మీద ఊగేది. సెలవు రోజున ఒకసారి అది చూసి అనసూర్య పరుగెత్తుకొచ్చి కుర్చీ పట్టుకుంది. కోపంతో ఉడుత మీదికి రాయి విసిరింది. ఆ పూట ఆగయ్య అన్నం ముట్టలేదు.

కంచె మీద దురదగొండి తీగ అల్లుకుని ఉండేది. రంపపు అంచుల ఆకులు, కాడ నిండా సన్నని నూగు. పీకెయ్యమని చుట్టుపక్కల వాళ్లు చాలాసార్లు చెప్పారు. అనసూర్య పీకలేదు. మేకలు అటు తొంగిచూడవు, కుక్కలు దూరవు. ఎప్పుడైనా కట్టు వదులై ఆగయ్య అటు పోయినా, ఒక్కసారి అంటుకుంటే వెనక్కి వస్తాడు, కాలువ దాకా పోడు. జీతం అడగని కాపలా అనుకుంది.

ఉడుతకూ దురదగొండికీ ఒళ్లంతా నూగే. ఉడుత నూగు చూస్తే చెయ్యి దానంతటదే ముందుకు పోతుంది. దురదగొండి నూగు తగిలితే చెయ్యి దానంతటదే వెనక్కి వస్తుంది. ఉడుత అలికిడైతే పారిపోయి బతుకుతుంది. దురదగొండికి కాళ్లు లేవు, ఉన్నచోటే ఉండి, ముట్టినవాణ్ణి కాల్చి బతుకుతుంది. నర్సరీలో మొక్కల మధ్య దురదగొండి మొలిస్తే అనసూర్యే పీకి పారేసేది. ఇంట్లో మాత్రం అది చుట్టమైంది, ఉడుత శత్రువైంది. ఒకటి తన మొగుణ్ణి రమ్మని పిలుస్తోంది, ఇంకొకటి రావద్దని ఆపుతోంది. ఆమె మనసులో లెక్క అంతే.

శ్రావణంలో ఒక శనివారం. ముందురోజు సాయంత్రం పెద్ద గాలివాన కొట్టింది. ఆ రోజు డ్యూటీ దిగి ఇంటికి వస్తున్న అనసూర్యకు ముందు గేటు దగ్గరే ఉడుత అరుపు వినిపించింది. మామూలు అరుపు కాదు. పిల్లిని చూసినప్పుడో, పామును చూసినప్పుడో తోక కొట్టుకుంటూ ఆపకుండా అరుస్తుందే, అది. తాళం తీసే చెయ్యి తొందరలో రెండుసార్లు తప్పింది.

వెనక వరండాలో కుర్చీ ఖాళీగా ఉంది. తువ్వాల కింద పడి ఉంది.

ఆగయ్య జామ చెట్టు మొదట్లో పక్కకు ఒరిగి పడి ఉన్నాడు. ఒళ్లంతా చెమట. మెడ మీద, రెండు చేతుల మీద ఎర్రని దద్దుర్లు లేచి ఉన్నాయి. ఎడమ చెయ్యి మణికట్టు దాకా ఉబ్బింది. చూపుడు వేలి మీద పక్కపక్కనే రెండు గాట్లు, వాటి చుట్టూ నెత్తురు.

రెండు గాట్లు చూడగానే అనసూర్య మోకాళ్ల మీద వంగి ఆ చెయ్యి పట్టుకుంది.

"ఓ తిరుమల నాయినా, గిటు సూడు. పామా? పాము కరిసిందా?"

"ఊ."

"ఏడికెల్లి వచ్చింది? సూసినవా?"

"ఊ."

ఆమె తల పైకెత్తింది. ఉడుత కొమ్మ మీది నుంచి ఇంకా అరుస్తూనే ఉంది. కంచె వైపు తీగ చిందరవందరగా ఉంది.

"ఉడుత కరిసిందా?"

"ఊ."

"దురదగొండి అంటిందా?"

"ఊ."

అన్నింటికీ ఒకటే జవాబు. కళ్లలో మాత్రం ఏదో చెప్పాలని ఆరాటం. ఎడమ చెయ్యెత్తి చెట్టు వైపు చూపించబోయి, నొప్పికి దించేశాడు. అనసూర్య గోడ మీది నుంచి గొంతు చించుకుని పిలిచింది. "పోశం అన్నా! జల్ది రా అన్నా!"

పక్క క్వార్టరు పోశం బాయిలో బొగ్గు బండ్లను లాగే హాలేజీ తాళ్ల పని చేసి రిటైరైనవాడు. ఇప్పుడు ఆటో నడుపుతాడు. భోజనం చేస్తున్నవాడు చెయ్యి కూడా కడుక్కోకుండా వచ్చాడు. ఆగయ్యను చూసి, కింద పడ్డ తువ్వాలను చూసి ఒక్క క్షణం నిలబడిపోయాడు.

"ఏడ్వకు చెల్లె. ముందు ఆటోల ఎక్కిద్దాం పట్టు."

దారి పొడుగునా అనసూర్య భర్త వేలినే చూస్తూ కూర్చుంది. వాపు మణికట్టు దాటిందా? ఇందాక ఎక్కడ ఉంది, ఇప్పుడు ఎక్కడికి వచ్చింది? బొగ్గు లారీలు అడ్డం వచ్చినప్పుడల్లా పోశం హారన్ మీది నుంచి చెయ్యి తీయలేదు. ఆగయ్య తల ఆమె భుజం మీద బరువుగా వాలింది. నిద్రో, విషమో తెలియక అతని చెంప మీద కొడుతూ, "కండ్లు తెరువు, కండ్లు తెరువు" అంటూనే ఉంది.

దవాఖానలో డ్యూటీలో ఉన్న డాక్టరు పేరు మైత్రి. వాళ్ల నాన్న ఎప్పుడో కోస్తా నుంచి ఇంజనీరుగా వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. ఆమె మాటలో ఇంకా ఆ వైపు యాస పోలేదు.

"ఎప్పుడు జరిగిందమ్మా?"

"ఎర్కలేదు మేడం. డ్యూటీ నుంచి వచ్చేసరికి గిట్ల పడి ఉన్నడు. మాట రాదు. పామేనా మేడం?"

"తొందరపడొద్దు, చూద్దాం." టార్చిలైటు పట్టుకుని వేలి దగ్గరికి వంగింది. తర్వాత ఆగయ్య ముఖంలోకి చూసి ఆగింది. "ఈ కుడి కనురెప్ప ఎప్పుడూ ఇలా వాలే ఉంటుందా? ఇవాళే వాలిందా? కొన్ని పాముల విషానికి రెప్ప వాలుతుంది."

అనసూర్య ఆ రెప్ప వైపు చూసింది. పక్షవాతం వచ్చినప్పుడు మూతి వంకరపోయింది, అది గుర్తుంది. రెప్ప? రోజూ ముఖం కడుగుతుంది, గడ్డం గీస్తుంది, బువ్వ తినిపిస్తుంది. ఆ రెప్ప నిన్న ఎలా ఉందో మాత్రం ఆమెకు తెలియదు.

"ఎర్కలేదు" అంది. ఆ మాట అంటుంటే తన మీద తనకే అసహ్యం వేసింది.

నర్సు కాసింత నెత్తురు తీసి గాజు గొట్టంలో పోసి బల్ల మీద నిలబెట్టింది. ఇరవై నిమిషాలు దాన్ని ఎవరూ కదపకూడదని చెప్పింది. గడ్డకడితే కొంత ధైర్యం, గడ్డకట్టకపోతే రక్తపింజర విషమని లెక్క.

ఈలోగా డాక్టరు అడగసాగింది. పెరట్లో ఏముంటాయి? ఎలుకలా? పిల్లులా? అనసూర్య ఉడుత సంగతి చెప్పింది, కంచె మీది దురదగొండి సంగతి చెప్పింది.

"ఈ దద్దుర్లకు నెత్తురు లేదు, పొక్కుల్లా లేచి పాకాయి. ఇవి దురదగొండివే. ఇలాంటి కేసులు వస్తూనే ఉంటాయి. వేలి మీది గాటు వేరు. పాము కోరలైతే కాస్త ఎడంగా దిగుతాయి. ఇవి మరీ దగ్గరగా ఉన్నాయి. ఉడుత పళ్లే అయుండొచ్చు. కానీ మనిషి చెప్పలేనప్పుడు నేను ఊహ మీద వదిలేయలేను." డాక్టరు ఆగయ్య కుడి చేతి దద్దుర్ల మీద మెల్లగా వేలు పెట్టి నొక్కింది. ఆగయ్య పళ్ల మధ్య నుంచి గాలి పీల్చాడు.

"ఈ చేతికి స్పర్శ లేదా?"

"లేదు మేడం. మొదటి సంది లేదు."

"ఉందమ్మా. కొంచెం ఉంది."

దద్దుర్లు ఇంకా ఎంత దూరం ఉన్నాయో చూడాలని నర్సు చొక్కా పైకి లాగింది. నడుము చుట్టూ, బెల్టు పెట్టుకున్నట్టు, నల్లగా కమిలిన గీత. నెలల తరబడి ఒకేచోట ఒరుసుకుంటే తప్ప పడని గీత.

"ఇదేంటి?" డాక్టరు గొంతు మారింది.

అనసూర్య నేల చూసింది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఆగయ్య చెప్పలేడు. ఆ ఆలోచన వచ్చినందుకే ఆమె తల ఎత్తింది.

"నేనే మేడం. డ్యూటీకి పోయేటప్పుడు కుర్సికి కడత. ఒకపాలి పడి నెత్తి పలిగింది. ఇంట్ల ఎవ్వలు లేరు."

డాక్టరు ఆ గీత పొడుగునా వేలితో తడిమి చూసింది. నర్సు చొక్కా కిందికి దించింది. బల్ల మీద గాజు గొట్టంలో నెత్తురు కదలకుండా నిలబడి ఉంది.

"మరి ఇవాళ కట్టు ఎవరు విప్పారు?"

తలుపు దగ్గర నిలబడ్డ పోశం గొంతు సవరించుకున్నాడు. "చెల్లె, నేనొక మాట చెప్పాలె. కోపం చెయ్యకు." అనసూర్య తల తిప్పింది. "ఆగయ్యే ఇప్పుకున్నడు. ఇయ్యాల్ల గాదు, శాన దినాల సంది. తువ్వాల మెల్లగ గుంజుకుంట ముడి ముందటికి తెచ్చుకుంటడు. పండ్లతోని, ఎడమ చేత్తోని ఇప్పుతడు. గోడ పట్టుకోని చెట్టు దాక నడుస్తడు. మల్ల వచ్చి కూసుంటడు."

"మరి నేను వచ్చేటాల్లకు కట్టే ఉంటది గదా?"

"నువ్వొచ్చే యాళ్లకు నన్ను సైగ జేసి పిలుస్తుండె. కట్టుమని. నేనే గోడ దాటొచ్చి కడుతుంటి, నీ ముడి లెక్కనే. ఇయ్యాల్ల కిరాయికి పోయిన. ఆలిస్యమైంది. నువ్వొచ్చే ఉంటవనుకున్న."

అనసూర్యకు చెవులు గింగురుమన్నాయి. భర్త నడుస్తున్నాడు. తనకు తెలియకుండా నడుస్తున్నాడు. తనకు తెలియకూడదని ఇంకొకరి చేత కట్టించుకుంటున్నాడు.

"ఇద్దరు కల్సి నన్ను పిస్సదాన్ని చేసిండ్రా అన్నా?"

"నీకు తెలిస్తే ఇంకింత గట్టిగ కడుతవని ఆయన భయం" అన్నాడు పోశం. "నాకూ గదే భయం."

నర్సు గాజు గొట్టాన్ని ఎత్తి మెల్లగా వంచింది. అందరి కళ్లూ అటే. నెత్తురు జారలేదు. గడ్డకట్టి గొట్టాన్ని పట్టుకుని ఉంది.

అయినా చీకటి పడేదాకా వదల్లేదు. కనురెప్ప ఇంకా వాలుతుందేమోనని, ఊపిరి బరువవుతుందేమోనని డాక్టరు వచ్చి చూసి పోతూనే ఉంది. అనసూర్య స్టూలు మీద కూర్చుని ఆ రెప్పను చూస్తూనే ఉంది. అది ఎలా ఉందో అలాగే ఉంది. దురదకు మందు, ధనుర్వాతం సూది ఇచ్చారు. కరిచింది ఏదో ఖాయంగా తెలియదు గనుక కుక్క కాటుకు వేసే సూదులు కూడా మొదలుపెట్టారు. వెళ్లేటప్పుడు డాక్టరు అనసూర్యను పక్కకు పిలిచింది.

"కట్టొద్దని చెప్పడం నాకు తేలిక. మీ ఇంట్లో ఎవరూ లేరని నాకు అర్థమవుతోంది. కానీ ఆయన నడవగలుగుతున్నారు. ఇప్పుడు నడవకపోతే ఆ వచ్చింది కూడా పోతుంది. సోమవారం నుంచి ఫిజియోథెరపీకి తీసుకురండి."

ఇంటికొచ్చాక అనసూర్య భర్త ఎదురుగా కింద కూర్చుంది.

"నడుస్తున్నవా?"

"ఊ."

"నాకెందుకు చెప్పలే?"

అతను ఉబ్బిన చేతిని మెల్లగా తన నడుము మీద పెట్టుకుని, ఆమె కళ్లలోకి చూశాడు. కోపం లేదు ఆ చూపులో. కోపం ఉంటే ఆమెకు తేలికయ్యేది.

మరునాడు ఆదివారం. అనసూర్య చేతులకు గోనె సంచులు చుట్టుకుని కంచె మీది దురదగొండిని పీకడం మొదలుపెట్టింది. ఎంత జాగ్రత్తపడినా మోచేతికి, మెడకు తగిలి మంట లేచింది. ఆ మంటకు కళ్లలో నీళ్లు తిరుగుతుంటే, ఇంత మంటకూ వెనక్కి తగ్గకుండా అతను ఇందులో ఎంతసేపు చెయ్యి పెట్టాడో అనుకుంది. ఎందుకు పెట్టాడు?

తీగ సగం తీశాక కనిపించింది. కింద ఆకుల్లో, కళ్లు కూడా తెరవని ఉడుత పిల్ల ఒకటి చచ్చి పడి ఉంది. చుట్టూ పీచు, గడ్డి, తమ ఇంటి పాత చాప పోగులు. గాలివానకు గూడు బాదం చెట్టు మీది నుంచి ఊడి దురదగొండిలో పడింది. మిగిలిన గూడు ఏదీ?

తల తిప్పి చూస్తే జామ చెట్టు పంగలో ఉంది. మనిషి చెయ్యి చాచితే అందే ఎత్తులో, ఎవరో గట్టిగా అదిమి పెట్టినట్టు ఉంది. దగ్గరికి పోతే లోపల ఏదో మెదిలింది. వెంటనే పైకొమ్మ మీద తల్లి ఉడుత అరుపు లంకించుకుంది. అనసూర్య వెనక్కి తగ్గింది.

అక్కడే నిలబడి ఆమె జరిగినదంతా మనసులో చూసుకుంది. గోడ పట్టుకుని ఇంత దూరం వచ్చాడు. దురదగొండిలో చెయ్యి పెట్టి గూడు పైకి తీశాడు. అది కాలుస్తున్నా వదల్లేదు. తల్లి ఉడుత తన పిల్లల్ని ఎత్తుకుపోతున్నాడనుకుని వేలు కొరికింది. అప్పుడూ వదల్లేదు. పంగలో పెట్టాకే పడ్డాడు. తాను కాపలా అనుకున్నది అతన్ని ఆపలేదు. అతను రోజూ రొట్టె పెట్టి సాకినది అతన్ని గుర్తుపట్టలేదు. ఆ రెండింటి తప్పూ ఏమీ లేదు. అవి వాటి స్వభావం ప్రకారమే ఉన్నాయి. ఒంటి చేత్తో గూడు నిలబెట్టిన మనిషిని తానే కుర్చీకి కట్టింది.

వరండాలో నుంచి ఆగయ్య ఆమెనే చూస్తున్నాడు. ఆమె చచ్చిన పిల్లను కొంగు చాటున పెట్టుకుని అవతల పాతిపెట్టి వచ్చింది.

సోమవారం దవాఖానకు పోవడానికి ఒక రోజు సెలవు పెట్టింది. మంగళవారం డ్యూటీకి పోవాలి. తువ్వాల ఉతికి దండెం మీద ఆరేసింది, తీయలేదు. కాలువ వైపు కంచెకు నర్సరీలో పాతబడ్డ వెదురు పుల్లలు అడిగి తెచ్చి అడ్డంగా కట్టింది. పోశానికి ఇంటి తాళంచెవి ఇచ్చింది.

"అప్పుడప్పుడు తొంగిసూడు అన్నా. దాయకు నా దగ్గర ఏదీ."

"దాయ చెల్లె."

ఆ రోజు నర్సరీలో సంచుల్లో మట్టి నింపుతుంటే ఆమె మట్టి ఎక్కడ పోస్తోందో ఆమెకే తెలియలేదు. నడుములో దోపిన ఫోను మోగితే భయం, మోగకపోతే ఇంకా భయం. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో పేలుళ్లకు షెడ్డు రేకులు అదిరినప్పుడు చేతిలో సంచి జారిపోయింది. పక్కన పనిచేసేవాళ్లు ఏమైందని అడిగారు. ఏమీ లేదంది. డ్యూటీ దిగి ఇంటికి నడవలేదు, పరుగెత్తింది.

ఆగయ్య పడనే పడ్డాడు. వరండా స్తంభానికి వీపు ఆనించి కింద కూర్చుని ఉన్నాడు. లుంగీ తడిసింది, మోచెయ్యి దోక్కుపోయింది. లేవడానికి చాలాసార్లు ప్రయత్నించినట్టు నేల మీద మడమ గీతలున్నాయి. పోశం వచ్చి చూసి పోయాక జరిగింది అది.

అనసూర్య గుమ్మంలో నిలబడిపోయింది. దండెం మీద తువ్వాల చేతికి అందేంత దూరంలో ఉంది. దాన్ని తీసుకుంది. దాంతో అతని మోచెయ్యి తుడిచి, చంకలో చెయ్యి వేసి లేపింది. లేచేటప్పుడు అతను ఎడమ చేత్తో ఆమె భుజం పట్టుకున్న పట్టు ఎంత గట్టిగా ఉందంటే, ఆమె మొదటిసారి అతని బలం చూసి ఆశ్చర్యపోయింది.

బుధవారం కూడా కట్టలేదు. ఆ తర్వాత కూడా కట్టలేదు.

దసరా సెలవులకు తిరుమల వచ్చింది. ఆటో దిగేసరికి తండ్రి చేతికర్ర పట్టుకుని గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. సంచి అక్కడే పడేసి వచ్చి పట్టుకుంది.

"అమ్మా, నాయిన ఎప్పటి సంది నడుస్తుండు? నాకెందుకు చెప్పలేదే?"

అనసూర్య కూతుర్ని వంటింట్లోకి తీసుకుపోయి కూర్చోబెట్టి మొత్తం చెప్పింది. తువ్వాల సంగతి, నడుము మీద గీత సంగతి, డాక్టరు అడిగినప్పుడు ఒక్క క్షణం దాచాలనుకున్న సంగతి. ఏదీ తగ్గించి చెప్పలేదు. తిరుమల ముఖం ఎర్రబడింది. లేచి పోయి తండ్రి పక్కన కూర్చుంది. అన్నం తినే వేళ దాకా తల్లితో మాట్లాడలేదు.

కంచాలు తీస్తున్నప్పుడు అడిగింది. "మల్ల పడితె?"

"మొన్న గూడ పడ్డడు. రెండుసార్లు."

"మరి భయం గాదా నీకు?"

"అయితది" అంది అనసూర్య. "డ్యూటీల ఉన్నంతసేపు అయితనే ఉంటది." కంచం చేతిలోకి తీసుకుని, "రేపు ఫిజియోథెరపీకి నువ్వు తోల్కపో. ఎట్ల పట్టుకోవాల్నో వాళ్లు సూపిస్తరు. నువ్వు గూడ నేర్సుకోవాలె" అంది.

తిరుమల తలూపి, తల్లి చేతిలోంచి కంచం తీసుకుని కడగడానికి కూర్చుంది.